రూపాయి పడని కాల్

"నేనే చంపానమ్మా. రాసుకోండి. ఇంకేం అడగొద్దు."

ఊచల వెనక గోడకి చేరగిలబడి కూర్చున్న బాలశౌరి ఆ మాట అనడం ఇది నాలుగోసారి. జ్యోతిర్మయి ఒళ్లో పెట్టుకున్న కాగితం మీద ఇంకా ఒక్క అక్షరం పడలేదు. కానిస్టేబుల్ ఇచ్చిన గడువు పదిహేను నిమిషాలు. అందులో ఆరు అప్పుడే అయిపోయాయి. చేతి గడియారం పదకొండూ పదహారు చూపిస్తోంది.

2005 ఏప్రిల్ పంతొమ్మిది, మంగళవారం. సాయంత్రం నాలుగున్నరకి బాలశౌరిని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కడ కూడా ఇదే మాట అంటే ఇక లాయరు చెయ్యగలిగేది ఏమీ ఉండదు. ఆ లోపల ఏదో ఒక ఆధారం పట్టుకురమ్మని ఆ లాయరే పొద్దున ఆరింటికి జ్యోతిర్మయిని నరసరావుపేటలో బస్సెక్కించాడు. ఆమెకి ముప్పై నాలుగేళ్లు. ఆరేళ్లు పోలీసు వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుని, ఆ ఉద్యోగం మానేసి, ఇప్పుడు లాయర్ల తరఫున కేసుల కూపీ లాగుతోంది.

"చంపానంటే రాసుకుంటాలే. ఎట్లా చంపావో చెప్పు. నిన్న పొద్దుట్నుంచి చెప్పు" అంది నెమ్మదిగా.

బాలశౌరి తల ఎత్తాడు. నలభై రెండేళ్ల మనిషి. కనుబొమల మీద, చెవుల వెనక రాతి దుమ్ము ఇంకా తెల్లగా పేరుకునే ఉంది. నల్లగుట్ట క్వారీలో అతను మందు మేస్త్రీ. రాతిలో బెజ్జాలు వేయించి, మందు కూరి, డిటొనేటర్ తీగలు కలిపి, దూరంగా పోయి పేల్చడం అతని పని. పద్దెనిమిదేళ్లలో ఒక్క మనిషికి గోరు కూడా ఊడలేదు. నిన్న మధ్యాహ్నం మాత్రం మందు ముందే పేలింది. తీగలు కలుపుతున్న ప్రవీణ్ కుమార్ అక్కడికక్కడే పోయాడు. ఇరవై ఆరేళ్లవాడు, బాలశౌరి భార్య గ్రేసమ్మకి ఒక్కడే తమ్ముడు.

"రోజూ అన్నం తిన్నాకే మందు నింపేది" అన్నాడు బాలశౌరి. "నిన్న మాత్రం మేనేజర్ లక్ష్మీనారాయణగారు పదకొండున్నరకే నింపమన్నాడు. లారీలు తొందరపడతన్నయ్యంట. సరేనన్నా."

"మందు పేలింది నీ సెల్‌ఫోను వల్లే అంటున్నారు. అది ఎక్కడుంది అప్పుడు?"

"నా చొక్కా జేబులో. ఎండకి చొక్కా ఇప్పి బండ మీద పడేశా. గుర్తొచ్చి ఫోను తీసి వాడి చేతికిచ్చా. ఒరేయ్, దీన్ని ఆపి పక్కన పెట్టరా అని." మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. "ఆపాడో లేదో చూళ్లా. అంతలో ఎర్రజెండా దాటి గొర్రెలు వచ్చినయ్. అదిలించను పరిగెత్తా. నూరు గజాలు పోయానో లేదో, వెనక…"

"టైమెంత?"

"ఆఫీసులో గోడ గడియారం అదురుకి కిందపడి ఆగిపోయిందంట. పన్నెండూ నలభై ఏడు."

"ఆ టైముకి గ్రేసమ్మ మిస్డ్ కాల్ ఇస్తుందా రోజూ?"

"అన్నం కారేజీ పన్నెండూ ముప్పావు బస్సులో ఎక్కిస్తది. ఎక్కించినట్టు నాకు తెలవాలిగా. కొట్టు కాడ కాయిన్ బాక్సు నుంచి ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తది. నేను ఎత్తను. ఎత్తితే రూపాయి పడుద్ది." అతను ముందుకి జరిగి ఊచలు పట్టుకున్నాడు. "అమ్మా, మీరు వైర్‌లెస్‌లో చేశారంట. ఒక్కటి చెప్పండి. మిస్డ్ కాల్‌కి డబ్బు పోదుగదా. డబ్బే పోనప్పుడు ఫోన్లోంచి ఇంకేం బయటికి పోద్ది? పైగా అది మడిచే ఫోను. మడిస్తే ఆరిపోయినట్టేగా?"

ఆ కళ్లలోకి చూస్తూ అబద్ధం చెప్పడం జ్యోతిర్మయికి చేతకాలేదు.

"కాదు బాలశౌరీ. మడిచినంత మాత్రాన ఆరిపోదు. ఎత్తకపోయినా, రింగు వచ్చిందంటే ఫోను టవరుకి బదులు చెప్పినట్టే. క్వారీ గుంతలో సిగ్నల్ సరిగ్గా అందదు కాబట్టి ఇంకా గట్టిగా అరుస్తుంది. డిటొనేటర్ తీగ పక్కనే ఉంటే ఆ తరంగం తీగలోకి ఎక్కొచ్చు. ప్రతిసారీ అట్లా అవదు. ఎప్పుడో, ఎక్కడో ఒకసారి అవుతుంది."

బాలశౌరి చేతులు ఊచల మీంచి జారిపోయాయి. "అదే నేనూ అంటన్నా" అని మళ్లీ గోడకి ఆనుకున్నాడు.

"ఫోను ఎవరిచ్చారు నీకు?"

"మేనేజర్‌గారే. ఈస్టర్‌కి ఇచ్చాడు. ఆయనదీ అదే మోడల్, రెండూ ఒక్కసారే తెచ్చాడు. క్వారీ మొత్తానికి ఫోన్లు ఆ రెండే."

"ఆయనకి నీ మీద అంత ప్రేమేంది?"

"ప్రేమేం లేదు. హద్దురాళ్లు దాటి సాగర్ కాలవ కట్ట కిందికి బెజ్జాలు వెయ్యమన్నాడు. నేను వెయ్యనన్నా. రేపు బుధవారం గనుల ఆఫీసరు వస్తన్నాడు, ఆయనకి చెప్తానన్నా. ఆ తర్వాతే మంచి చేసుకోవాలని ఫోను ఇచ్చాడు. నేనూ తీసుకున్నా."

"మందు పేల్చే పెట్టె తాళంచెవి నిన్న ఎవరి దగ్గరుంది?"

"పన్నెండింటికి ఆయనే అడిగి తీసుకున్నాడు. పెట్టె తుడిపిస్తానని."

జ్యోతిర్మయి కలం అప్పుడు కాగితం మీద పడింది. వెనక నుంచి కానిస్టేబుల్ దగ్గాడు.

* * *

ఆటో దిగి క్వారీ షెడ్డు దగ్గరికి నడిచేసరికి పన్నెండూ నలభై. జీపు అప్పటికే అక్కడుంది. సీఐ రామబ్రహ్మం టోపీతో విసురుకుంటూ బల్ల మీద కూర్చున్నాడు. పక్కనే నిలబడి ఆయనకి మజ్జిగ గ్లాసు అందిస్తున్న తెల్ల చొక్కా మనిషి మేనేజర్ లక్ష్మీనారాయణ.

"ఓహో, సెట్టమ్మాయా!" రామబ్రహ్మం నవ్వాడు. ఆమె వైర్‌లెస్‌లో ఉన్న రోజుల్లో ఆయన ఎస్సై. అప్పుడూ అదే పిలుపు. "ఓవర్ అని చెప్పి ఎప్పుడో ఇంటికి పోయావనుకున్నా. ఇప్పుడు డిటెక్టివువంటగా! ఏం కనిపెడతావమ్మా ఇక్కడ? ముద్దాయి ఒప్పుకున్నాడు. ముద్దాయి పెళ్లామే ఫోన్ చేశానని చెప్పింది. నాకిక కష్టపడే పని కూడా మిగల్చలా."

"చూసిపోతాను సార్."

"చూడు. రాళ్లు బోలెడున్నయ్."

షెడ్డు గోడ మీద రంగు వెలిసిన బోర్డు: పేలుడు స్థలంలో రేడియోలు, సెల్‌ఫోన్లు ఆపవలెను. దాని కింద మేకుకి తగిలించిన తాళంచెవి. తాళం కింద పేల్చే పెట్టె. పెట్టె దగ్గర్నుంచి గుంత దాకా పోయే పొడుగాటి కేబుల్ నేల మీద పడి ఉంది. జ్యోతిర్మయి గొంతుకూర్చుని ఆ కేబుల్ కొసలు చూసింది.

మందు పని చేసేవాళ్లందరూ పాటించే పద్ధతి ఒకటుంది. అందరూ బయటికి వచ్చి ఈల వేసేదాకా ఈ రెండు కొసలూ కలిపి మెలేసి ఉంచుతారు. పెట్టెకి బిగించరు. ఫోను వల్లే పేలి ఉంటే ఆ మెలి అలాగే ఉండాలి. ఇక్కడ మెలి లేదు. రెండు కొసలూ విడివిడిగా, నిటారుగా ఉన్నాయి. రాగి మీద మర బిగించిన గుర్తు కొత్తగా మెరుస్తోంది.

"సార్, ఇది చూడండి. ఈ కొసలు పెట్టెకి బిగించారు. ఎవరో తాళం తిప్పి కరెంటు వదిలారు."

రామబ్రహ్మం లేవలేదు. "మొన్నటి పేలుడికి బిగించింది అయ్యుండొచ్చు. ఏం లక్ష్మీనారాయణగారూ?"

"ఇప్పుడే మావాడు కేబుల్ చుడదామని మెలి ఇప్పాడు సార్" అన్నాడు మేనేజర్, తడబాటు లేకుండా. "తాళమంటారా, అది ఎప్పుడూ బాలశౌరి దగ్గరే."

"నిన్న పన్నెండింటికి మీరు తీసుకున్నారని చెప్పాడు."

"బామ్మర్దిని చంపుకున్నోడు ఏమైనా చెప్తాడమ్మా."

ఆమె మాట ఒకటి, ఆయన మాట ఒకటి. రాసుకునే కలం రామబ్రహ్మం జేబులో ఉంది. జ్యోతిర్మయి మోకాళ్ల దుమ్ము దులుపుకుని లేచింది. "ఆ ఫోను ఒక్కసారి చూపిస్తారా సార్?"

"చూపిస్తే పోయేదేముంది." రామబ్రహ్మం జీపులోంచి పాలిథీన్ కవరు తెప్పించి ఆమె ముందు పట్టుకున్నాడు. "ముట్టుకోమాక."

అరచేతిలో పట్టే వెండి రంగు ఫోను. పైకి లాగే పొట్టి యాంటెన్నా వంకరపోయింది. మూత మడత దగ్గర పగిలింది, లోపలి తెర నల్లగా మాడిపోయింది. మూత మీదుండే చిన్న కిటికీ మాత్రం ఇంకా వెలుగుతోంది. అందులో అంకెలు.

"ఇప్పుడు టైమెంత సార్?"

"పన్నెండూ యాభై."

"దీంట్లో?"

రామబ్రహ్మం కళ్లు చికిలించి చూశాడు. "ఇరవై రెండూ నలభై. దెబ్బకి దానికీ బుర్ర తిరిగింది."

"తిరగలేదు సార్. బ్యాటరీ తీసి మళ్లీ పెడితే ఈ ఫోన్లలో గడియారం సున్నా నుంచి మొదలవుతుంది. మనం సరిచేసిందాకా అట్లాగే నడుస్తుంది. లోపలి తెర పోయింది కాబట్టి ఎవరూ సరిచెయ్యలేకపోయారు. ఇప్పటికి ఇరవై రెండు గంటల నలభై నిమిషాలు నడిచిందంటే, మొదలైంది నిన్న మధ్యాహ్నం రెండూ పదికి. పేలిన గంటా ఇరవై మూడు నిమిషాలకి. అప్పటిదాకా ఇందులో బ్యాటరీ లేదు సార్."

మేనేజర్ మజ్జిగ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"మీరు ఇక్కడికి ఎన్నింటికి వచ్చారు సార్?"

"మూడింటికి."

"శవాన్ని ఎన్నింటికి తీసుకెళ్లారు?"

ఈసారి మేనేజర్ చెప్పాడు. "ఒకటిన్నరకి ట్రాక్టర్లో. అందరూ దాని ఎంబడే పోయారు. నేనొక్కణ్ణే కాపలా ఉన్నా." ఒక్క క్షణం ఆగి, గుర్తొచ్చినట్టు నుదురు కొట్టుకున్నాడు. "ఆఁ సార్! చెప్పడం మర్చిపోయా. పేలుడుకి దాని బ్యాటరీ ఊడిపోయి పక్కనే పడుంటే నేనే ఎత్తి దాంట్లో పెట్టా. ఫోను పాడవుద్దేమోనని."

"విన్నావా?" రామబ్రహ్మం కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పేలాక ఊడింది. పేలేముందు లేదని నీ లెక్క చెప్పదు. అవునా, కాదా?"

నిజమే. బ్యాటరీ పేలుడుకి ముందే తీశారనడానికి సాక్ష్యం కావాలి. ఫోను ఆఖరుగా పట్టుకున్నవాడు ప్రవీణ్. పొద్దున తొమ్మిదింటికి వాణ్ణి సమాధి చేసేశారు.

"ప్రవీణ్ ఒంటి మీద బట్టలు ఎక్కడున్నాయి సార్?"

అడిగిన మరుక్షణం ఆమెకి నాలుక కరుచుకోవాలనిపించింది. మేనేజర్ తల చటుక్కున ఇటు తిరిగింది.

"ఆసుపత్రోళ్లు శవంతో పాటు ఇంటికే ఇచ్చేశారంట. ఆ పేలికలు నాకెందుకు?" అన్నాడు రామబ్రహ్మం.

* * *

బాలశౌరి ఊరు ఎర్రబండపాలెం, క్వారీకి ఎనిమిది కిలోమీటర్లు. ఆటో వెళ్లిపోయింది. సగం దూరం నడిచాక ఒక ట్రాక్టరు ఎక్కించుకుంది. ఆమె బాలశౌరి ఇల్లు చేరేసరికి రెండూ యాభై.

వసారాలో చాప మీద గ్రేసమ్మ కూర్చుని ఉంది. ఎదురుగా పొరుగావిడ పెట్టిపోయిన అన్నం పళ్లెం మీద ఈగలు ముసురుతున్నాయి. కుడిచేతిని కొంగులో చుట్టి దాచుకుంది. జ్యోతిర్మయి ఎవరో చెప్పుకుని పక్కన కూర్చున్నా ఆ చెయ్యి బయటికి రాలేదు.

"ఈ చేత్తోనే నొక్కానక్కా నంబరు" అంది గ్రేసమ్మ. "వాణ్ణి ఎత్తుకుని పెంచిన చెయ్యి ఇది. ఈ చేత్తో అన్నం తినమంటన్నారు."

జ్యోతిర్మయి ఓదార్చబోలేదు. పళ్లెం మీది ఈగల్ని తోలింది. తర్వాత అడిగింది. "నిన్న బస్సు టైముకే వచ్చిందా?"

"టైముకే వచ్చింది. కారేజీ ఎక్కించా. ఇమాం సాహెబ్ బాబాయి కొట్టు కాడికి పోయి రూపాయి పెట్టి నొక్కా."

"నొక్కాక ఏం వినపడింది?"

"ఏముంది, మామూలే."

"మామూలంటే? రోజూ ఎట్లా ఉంటుంది?"

"ట్రింగుమంటది. ఒక్కటి కాగానే పెట్టేస్తా. రూపాయి మళ్లీ కిందికి వచ్చుద్ది."

"నిన్న ట్రింగుమందా?"

గ్రేసమ్మ నోరు తెరిచి ఆగిపోయింది. కనుబొమలు దగ్గరికి వచ్చాయి. ఈ ఇరవై ఆరు గంటల్లో ఆ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు. పోలీసులు అడిగింది ఒక్కటే: ఫోను చేశావా, లేదా?

"నిన్న… ఎవరో ఆడమనిషి ఎత్తింది."

"ఏమంది?"

"ఏందో ఇంగ్లీషులో మొదలుపెట్టింది. రూపాయి లోపలికి పోద్దేమోనని బయ్యమేసి ఠక్కున పెట్టేశా. క్వారీలో ఆడోళ్లెవరా అనుకుంటా ఇంటికొచ్చా. అంతలో దూరంగా ఢామ్మంది. రోజూ వినే చప్పుడేగా అనుకున్నా."

జ్యోతిర్మయి దగ్గరికి జరిగింది. "రూపాయి పడిందా?"

"లేదు. తిరిగొచ్చింది. ఆవిడ మాట్టాడినా ఎందుకు పళ్లేదో నాకర్థం కాలా."

"గ్రేసమ్మా, ప్రవీణ్‌కి ఆ ఫోను ఆపడం వచ్చా?"

"బొత్తాం నొక్కి ఆపడం మా ఆయనకి రాదు. వీడు ఇంటరు చదివాడుగా, ఫోనుతో వచ్చిన పుస్తకమంతా చదివాడు. అయినా వాడికి బొత్తాం మీద నమ్మకం లేదు. ఉరుములొస్తే చాలు, మా ఇంటికొచ్చి మరీ బ్యాటరీ పీకి రుమాల్లో మూటగట్టేవోడు. అదేందిరా అంటే, ఇది చేతిలో ఉంటే ఆరిందా లేదా అని చూసే పన్లేదక్కా అనేవోడు." ఆమె కొంగు చేతికి ఇంకో చుట్టు తిప్పుకుంది. "ఎందుకడుగుతున్నావక్కా?"

"ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన బట్టలు ఏవి?"

అటక కింద నల్ల కవరు. గ్రేసమ్మ దాన్ని విప్పలేకపోయింది. జ్యోతిర్మయే విప్పింది. చొక్కా అనడానికి ఏమీ మిగల్లేదు. ప్యాంటు కుడిజేబు మాత్రం మడత పడి, రక్తంతో అట్టకట్టి, అట్లాగే ఉంది. వేళ్లతో నెమ్మదిగా విడదీసింది. గళ్ల రుమాలు బయటికి వచ్చింది. మూలన బిగించి వేసిన ముడి ఉంది. ముడి విప్పితే అరచేతిలో పడింది, అగ్గిపెట్టె కంటే పలచని వెండి రంగు బ్యాటరీ.

"వాడు ఆపాడు గ్రేసమ్మా" అంది జ్యోతిర్మయి. "మీ ఆయన ఆపమన్నాడు. వాడు ఆపాడు. నువ్వు నొక్కేసరికి ఆ ఫోనులో ప్రాణమే లేదు."

గ్రేసమ్మకి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే దారి ఒక్కటే కనపడింది జ్యోతిర్మయికి. చెయ్యి పట్టుకుని లేపి ఎదురు కొట్టుకి తీసుకెళ్లింది.

ఇమాం సాహెబ్ గల్లాపెట్టె వెనక్కి జరిగి చోటిచ్చాడు. గోడకి ఎర్రటి కాయిన్ బాక్సు. పక్కన సుద్దతో రాసిన నంబర్లలో క్వారీ మేనేజర్‌ది కూడా ఉంది. బాలశౌరి ఫోనులో ఇప్పుడు మేనేజర్ బ్యాటరీ ఉంటే, మేనేజర్ ఫోనులో ఏమీ ఉండకూడదు. ఆ మోడల్ బ్యాటరీ గుంటూరు పోతేగాని దొరకదు. జ్యోతిర్మయి రూపాయి పెట్టి ఆ నంబరు నొక్కి, రిసీవరు గ్రేసమ్మ చెవికి ఆనించింది.

గ్రేసమ్మ కళ్లు పెద్దవయ్యాయి.

"ఈవిడే! అక్కా, ఈవిడే! నిన్న ఎత్తింది ఈవిడే!"

"ఆవిడ మనిషి కాదమ్మా. ఫోను ఆపేసి ఉంటే మాట్లాడే రికార్డు. ఇప్పుడు మేనేజర్ ఫోను ఆగిపోయి ఉంది. నిన్న పన్నెండూ నలభై ఏడుకి మీ ఫోను ఆగిపోయి ఉంది. నీ కాల్ గుంత దాకా పోనేలేదు."

రూపాయి కింద అరలోకి ఠంగున వచ్చి పడింది. గ్రేసమ్మ ఆ బిళ్లని చూసింది. కొంగులోంచి కుడిచెయ్యి బయటికి తీసి దాన్ని అందుకుంది. పిడికిట్లో పెట్టుకుని కొట్టు మెట్టు మీద కూలబడి, నిన్నటి నుంచి రాని ఏడుపు అప్పుడు ఏడ్చింది.

"బాబాయ్, విన్నారుగా. కోర్టులో ఈ మాట చెప్తారా?" అడిగింది జ్యోతిర్మయి.

ఇమాం సాహెబ్ తల దించుకున్నాడు. "కొట్టు స్థలం క్వారీ వాళ్లదమ్మా" అన్నాడు, తనలో తను చెప్పుకున్నట్టు.

మూడూ ఇరవై. లాయరుకి ఫోన్ చేద్దామని ఆమె ఇంకో రూపాయి తీసేలోపే జీపు వచ్చి ఆగింది.

ముందు సీట్లోంచి రామబ్రహ్మం దిగాడు. వెనక సీట్లో మేనేజర్ లక్ష్మీనారాయణ కూర్చుని ఉన్నాడు. దిగలేదు.

"ఆ పేలికలు కేసు ప్రాపర్టీ అంటమ్మా. నువ్వడిగాక గుర్తొచ్చింది. థాంక్స్ నీకే చెప్పాలి" అన్నాడు సీఐ.

జ్యోతిర్మయి రుమాలు విప్పి చూపించింది. ఒక్కొక్క మాటా విడివిడిగా, ఊరు వినేలా చెప్పింది. అసలు బ్యాటరీ చనిపోయినవాడి జేబులో ముడేసి ఉంది. పక్కన పడుంటే ఎత్తిపెట్టానని మేనేజర్ చెప్పింది అబద్ధం. ఆ ఫోనులో ఉన్నది మేనేజర్ బ్యాటరీ. బాలశౌరి రేపు ఆఫీసరుకి చెప్పకుండా, రోజూ మిస్డ్ కాల్ వచ్చే నిమిషం చూసి తాళం తిప్పింది ఆయనే. ఆయన ఫోను ఇప్పుడు పలకట్లేదు, కావాలంటే నొక్కి చూడండి.

రామబ్రహ్మం మొహంలో నవ్వు ఒక్క క్షణం సడలింది. వెనక సీటు వంక చూశాడు. తర్వాత చెయ్యి చాపాడు.

"బాగానే ఉంది. ఇటివ్వు."

"ఇక్కడే పంచనామా రాయండి సార్. ఊళ్లోవాళ్ల సంతకాలు తీసుకుని, సీలు వేసి తీసుకెళ్లండి."

"నాలుగున్నరకి ముద్దాయిని పెట్టాలి. స్టేషన్లో రాస్తా."

"ఇక్కడే రాయండి సార్."

"సాక్ష్యం దాచిపెడుతున్నావని నిన్ను కూడా ఎక్కించమంటావా జీపు?"

చుట్టూ పదిమంది ఉన్నారు. అందరూ క్వారీలో పని చేసేవాళ్లే, లేదా పని చేసేవాళ్ల ఇంటివాళ్లే. ఒక్కరూ కదల్లేదు. ఆమె చెయ్యి కూడా కదల్లేదు. కానిస్టేబుల్ వచ్చి, "ఇచ్చెయ్యండమ్మా" అని వేళ్లు ఒక్కొక్కటే విప్పి రుమాలు తీసుకున్నాడు. బట్టల కవరులో పడేశాడు. కవరు జీపు వెనక సీట్లోకి విసిరేశాడు.

మేనేజర్ దాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు.

జీపు పోయింది. దుమ్ము అణగడానికి రెండు నిమిషాలు పట్టింది. జ్యోతిర్మయి లాయరుకి చేసింది. కోర్టుకి బయల్దేరాడని గుమాస్తా చెప్పాడు. నిన్న ఆ టైముకి ఫోను ఆగి ఉందని ఫోను కంపెనీ లెక్కలు చెప్తాయి. కానీ అవి కావాలంటే పోలీసులే ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరం రాయాల్సిన చెయ్యి ఇప్పుడే జీపెక్కి పోయింది.

మూడూ నలభై ఏడుకి ఆమె ఆఖరి రూపాయి పెట్టింది. ఎందుకో తనకే తెలియదు. సుద్దతో రాసి ఉన్న మేనేజర్ నంబరు మళ్లీ నొక్కింది.

ట్రింగ్.

ఆమె రిసీవరు చెవికి నొక్కిపట్టింది. ట్రింగ్. అవతల ఎత్తారు. రూపాయి పెట్టె లోపలికి జారిపోయిన చప్పుడైంది.

"ఇమాం సాహెబ్ కొట్టు నంబరేగా ఇది?" లక్ష్మీనారాయణ గొంతు తీరుబడిగా ఉంది. వెనక జీపు ఇంజను మోత. "సెట్టమ్మాయా? పెట్టెయ్యమాక, రూపాయి పడింది, దండగవుద్ది. నా ఫోను నిన్నట్నుంచి పలకట్లా. ఇప్పుడే లేచింది. ఏం పుణ్యమో!"

ప్రవీణ్ రుమాల్లో ముడేసిన బ్యాటరీ ఇప్పుడు ఆ ఫోన్లో ఉంది.

"సీఐగారు ముందున్నారు, జీపు మోతకి వినపడదులే. ఒకటి చెప్పు గ్రేసమ్మకి. మొగుడు ఇయ్యాళ రాడు. ఆ ముడి ఇప్పినప్పుడు చూసిందంటగా తను కూడా. ఇంట్లో ఒంటరిగా ఉండద్దని చెప్పు. నీకు ఐదింటికి బస్సుంది."

లైను తెగిపోయింది.

మెట్టు మీద గ్రేసమ్మ తల తిప్పి చూస్తోంది. ఎవరో పళ్లెం తెచ్చి ఒళ్లో పెట్టారు. నిన్నటి నుంచి కొంగులో దాచిన ఆ కుడిచేత్తోనే ముద్ద కలుపుతోంది.

"ఆవిడేనా అక్కా?" అని అడిగింది. "మళ్లీ ఆవిడే మాట్టాడిందా?"

పొద్దున లాకప్పులో ఒక మనిషికి చెప్పలేని అబద్ధం ఇప్పుడు నోట్లోంచి ఇట్టే వచ్చేసింది.

"ఆవిడే" అంది జ్యోతిర్మయి. రిసీవరు కొక్కేనికి తగిలించి కింద అరలో వేలు పెట్టి చూసుకుంది. ఖాళీ. "త్వరగా తిను గ్రేసమ్మా. తిని ఇంటికి తాళం వెయ్యి. ఐదింటి బస్సుకి నువ్వు నాతో నరసరావుపేటకి వస్తున్నావు."